మూడు కుండీల ఆపా

ఆపా పోయిందన్న కబురు నాకు శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు అందింది. కాలేజీ లాబరేటరీలో అమ్మాయిల కోసం ఉల్లిపొరలు వలిచి నీళ్లలో వేస్తున్నాను. తలెత్తి చూస్తే తలుపు దగ్గర మా పాత బడి ఆయా నిలబడి ఉంది. చిలకలగూడ నుంచి ఎండలో నడిచి వచ్చిందేమో, కొంగుతో మెడ తుడుచుకుంటోంది. నేనే అడిగాను, ఆపాకు ఎట్లా ఉందని.

"పొద్దుగాల చాయ్ తాగుత అన్నది బిడ్డా. నేను చాయ్ తెచ్చేలోపల పోయింది" అన్నది ఆయా.

నేను చేతులు కూడా కడుక్కోలేదు. చిలకలగూడ చేరేదాకా వేళ్లకు ఉల్లి వాసన అట్లాగే ఉంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించి తెల్లబట్ట కప్పారు. ముఖం మాత్రం చూడనిచ్చారు. దగ్గుతో ఏడాదిగా అలిసిపోయిన ముఖం, దగ్గడం ఆగిపోయాక, ముప్పై ఏళ్ల మనిషి ముఖంలా ఉంది. ఆమెకు నిండా నలభై లేవు. జనాజా లేచినప్పుడు సందులోని మగవాళ్లంతా భుజం పట్టారు. మా నాయిన కూడా పట్టాడు. పట్టవలసిన సొంత తమ్ముడొక్కడే అక్కడ లేడు. ఆ తమ్ముడు లేకపోవడానికి కారణమైన వాళ్లలో నేనొకదాన్ని. ఈ మాట రాయడానికే నేను ఇవాళ కూర్చున్నాను. కానీ ముందు ఆపా ఎవరో మీకు చెప్పాలి.

మా ఆడపిల్లల బడిలో చదువంతా ఉర్దూలో ఉండేది. పంతులమ్మలను ఆపా అని పిలిచేవాళ్లం, అక్క అని అర్థం. అందరూ ఆపాలే అయినా, ఉత్త 'ఆపా' అంటే ఈమే. మొక్కల పాఠం చెప్పేది. మా సందులోనే, మా ఇంటికి మూడో ఇల్లు. వాళ్ల పెద్దలది జనగామ వైపు, బట్టలకు రంగులు అద్దే పని. ఇంట్లో అంతా తెలుగే మాట్లాడుకునేవారు. అమ్మానాన్నలు ఒకే వానకాలంలో జ్వరాలతో పోతే, తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ని తనే పెంచింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, వాడు పెద్దయ్యాక చూద్దాం అనేదట. మా అమ్మ చెప్పింది.

బడికి బురఖా వేసుకుని వచ్చేది. లోపలికి రాగానే దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి కుర్చీ వీపుకు వేసేది. హాజరు పుస్తకం తరవాత. మొదట వరండాలోకి వెళ్లి వరసగా కుండీల్లో వేలు గుచ్చి, ఆ వేలు వాసన చూసేది. మధ్యాహ్నం మిగతా టీచర్లు గదిలో కలిసి తింటుంటే ఆమె కుండీలకెదురుగా నేలమీద కూర్చుని తినేది. రవికె అంచుకు ఎప్పుడూ నాలుగైదు జడపిన్నులు గుచ్చి ఉండేవి. అవి జడకు కాదు, గరికకు. ఎందుకో చెబుతాను.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మమ్మల్ని ఆటస్థలంలో ఒక మూలకు తీసుకెళ్లింది. చాప పరిచినంత మేర గరిక మొలిచి ఉంది. ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టమంది. మేం గుబుర్లన్నీ లెక్కపెట్టాం. ఒకరు ఇరవై అన్నారు, ఒకరు నలభై అన్నారు. నేను రెండుసార్లు లెక్కపెట్టి ముప్పై నాలుగు అన్నాను. అప్పుడు ఆమె మోకాళ్లమీద కూర్చుని పుల్లతో మెల్లగా మన్ను వదులు చేసింది. కాడ పట్టుకుని కొంచెం కొంచెంగా ఎత్తింది. ఒక గుబురు వెంట ఇంకొకటి, దాని వెంట మరొకటి, చిరిగిన వలలాగా మొత్తం పైకి లేచింది. నేలమీద పాకే కాడకు ప్రతి కణుపు దగ్గరా కింద వేళ్లు, పైన ఆకులు. ఆపా పాఠం ఉర్దూలోనే చెప్పాలి. కానీ తనకు బాగా ఇష్టమైన చోటు వస్తే ఒకసారి తలుపు వైపు చూసి తెలుగులోకి వచ్చేది. ఆటస్థలంలో తలుపు లేకపోయినా అలవాటుగా వెనక్కి చూసి, మాకు మాత్రమే వినపడేటట్టు, "గిదంత ఒక్కటే" అన్నది.

ఆ తరవాత కుండీలు మొదలయ్యాయి. మూడు కుండీలు పక్కపక్కన పెట్టి, మొదటిదానిలో గరిక నాటింది. అది పాకి కాడ వేస్తే, ఆ కాడను రెండో కుండీ మీదకు మళ్లించి కణుపు దగ్గర జడపిన్ను గుచ్చింది. వేరు పట్టాక మూడోదానిలోకి మళ్లించి అక్కడా పిన్ను గుచ్చింది. మొదటి కుండీలో మంచి మన్ను, మూడోదానిలో ఉత్త ఇసుక. వేళ్లన్నీ కుదురుకున్నాక నీళ్లు మొదటిదానికి ఒక్కదానికే పోయమంది. మూడోది నాలుగు రోజుల్లో ఎండిపోతుందని మేమంతా అనుకున్నాం. రెండు నెలలు గడిచినా ఎండలేదు. ఇసుక పొడిపొడిగా ఉంది, ఆకులు పచ్చగా ఉన్నాయి. పేడ ఎరువు నానబెట్టిన నీళ్లు మొదటిదానికి పోస్తే, పక్కవాటిలో పాలిపోయిన ఆకులు కూడా పది పదిహేను రోజుల్లో రంగు తిరిగాయి. ఆ ఆకుల లెక్క రాసే పని నాకిచ్చింది. రోజు విడిచి రోజు, ఏ కుండీలో ఎన్ని ఆకులు, ఎన్ని పచ్చనివి, ఎన్ని ఎండినవి.

ఒకరోజు నా చేతికి కత్తెర ఇచ్చి, రెండో కుండీకీ మూడో కుండీకీ మధ్య కాడ తెంపమంది. తెంపాను. ఐదోరోజుకు మూడో కుండీలోది ఎండుగడ్డి అయిపోయింది. నేను ఏడ్చాను. ఆపా నన్ను ఓదార్చలేదు. నోట్‌బుక్ నా వైపు జరిపింది.

"ఏ దినం ఏ ఆకు ఎండిందో రాయి. నువ్వు చూసింది రాయి. అనుకున్నది రాయకు" అన్నది.

మరోసారి ఇంకో వరసలో కాడ తెంపితే, విడిపోయింది ఎండలేదు. దాని వేళ్లు ఇసుక అడుగున ఎక్కడో తడి వెతుక్కున్నాయి. అది కూడా నాతో రాయించింది. తన పాఠానికి అడ్డం వచ్చిన సంగతిని దాచిపెట్టడం ఆమెకు చేతకాదు.

ఆపా తమ్ముడు ఆ ఇసుక మూసీ నుంచి సైకిల్ మీద మోసుకొచ్చేవాడు. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను భాయి అనేదాన్ని. అక్కకు గడ్డి పిచ్చి అని మా అమ్మతో చెప్పి నవ్వేవాడు. పోలీస్ యాక్షన్‌కు ముందటి ఏడాది అతను రజాకార్లలో చేరాడు. ఒకరోజు ఖాకీ బట్టలతో సందులోకి వచ్చాడు. అప్పటికి పంతొమ్మిది ఏళ్లు ఉంటాయేమో. ఆ సాయంత్రం ఆపా ఇంట్లోంచి పెద్దగా మాటలు వినిపించాయి. అంతకు ముందు ఎన్నడూ ఆ ఇంట్లో గొంతు పెరగడం నేను వినలేదు. తరవాత అతను ఇంట్లో ఉండేది తక్కువైంది. పది రోజులు, ఇరవై రోజులు ఎక్కడికో పోయి వచ్చేవాడు. ఏ ఊళ్లో ఏం చేశాడో నాకు తెలియదు. చేయలేదని కూడా నేను అనలేను. నేను చూడలేదు.

మా తరగతిలో పిల్లలు తగ్గిపోయారు. సందులో నాలుగిళ్లవాళ్లు తాళాలు వేసి బెజవాడ రైలెక్కారు. మా నాయినది రైల్వే ఉద్యోగం, కదలడానికి వీల్లేదు. ఆ ఇంటికి పోవద్దని నాయిన నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. అమ్మ మాత్రం పెరుగు గిన్నె నా చేతికిచ్చి, ఇచ్చేసి వెంటనే రా అనేది. నేను గిన్నె ఇచ్చి, ఆకులు లెక్కపెట్టి వచ్చేదాన్ని. అప్పటికి బడి సరిగా నడవడం లేదు కాబట్టి ఆపా, కాడ తెంపని ఒక వరస కుండీలు మూడింటిని ఇంటికి తెచ్చి వరండాలో పెట్టుకుంది.

పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో అయిపోయింది. విమానాల చప్పుడు విన్నాం. బొల్లారం రోడ్డున మిలిటరీ బండ్లు వచ్చాయని చెప్పుకున్నారు. మా సందులో కొందరు మిఠాయి పంచారు, కొందరు తలుపులు తీయలేదు. మిఠాయి పంచిన వాళ్లలో మేమూ ఉన్నాం. బెదురు పోయిందని నాయిన చాలా రోజుల తరవాత వరండాలో కూర్చుని పేపరు చదివాడు. నన్ను ఎవరూ ఎక్కడికీ పోవద్దనలేదు.

పది రోజులు గడిచాక ఒక పొద్దున నేను ఆకుల లెక్కకు ఆపా ఇంటికి వెళ్లాను. వంటింటి గడప లోపల భాయి కూర్చుని అన్నం తింటున్నాడు. గడ్డం తీసేశాడు. ఖాకీ లేదు, పాత లుంగీ కట్టుకున్నాడు. ఒక కాలికి గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి అతని చెయ్యి పళ్లెంలో ఆగింది. ఎవరితో చెప్పొద్దని అతను అనలేదు. ఆపా కూడా అనలేదు. ఆమె నా వైపు కొంచెంసేపు చూసి, పోయి ఆకులు లెక్కపెట్టు అంది. లెక్కపెట్టి వచ్చేశాను.

అదే రోజు మధ్యాహ్నం పోలీసులు మా సందులోకి వచ్చారు. ఇంటింటి ముందూ ఆగి అడుగుతూ వచ్చారు. మా నాయిన గడపలో నిలబడి, ఆ అబ్బాయిని మేం చూసి నెలయిందని చెప్పాడు. నాయిన చెప్పింది నిజమే, ఆయన చూడలేదు. పోలీసుల్లో పెద్దాయన నన్ను చూశాడు. మోకాళ్లమీద చేతులానించి వంగి, నా చేతిలోని నోట్‌బుక్ చూసి, ఏం రాస్తున్నావని తెలుగులో అడిగాడు. కోస్తా వైపు మనిషి. ఆకుల లెక్క అన్నాను. ఎవరింట్లో అని అడిగాడు. చెప్పాను. అక్కడ ఆ అబ్బాయి ఉన్నాడా అని అడిగాడు.

"ఉన్నడు. పొద్దుగాల చూసిన" అన్నాను.

నా భుజం మీద ఉన్న నాయిన చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. అప్పుడు నాకు తెలిసింది, నేనేదో చేశానని. ఏం చేశానో పూర్తిగా తెలియడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

భాయి పెనుగులాడలేదు. తనే బయటికి వచ్చాడు. కుంటుకుంటూ వాళ్ల మధ్య నడిచి సందు చివర ఉన్న బండి వైపు వెళ్లాడు. కాళ్లకు చెప్పుల్లేవు. కొంచెంసేపటికి ఆపా చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బురఖా లేదు. తలమీద కొంగు కూడా జారిపోయింది. సందులో ఆమెను అట్లా చూసింది అదే మొదటిసారి, అందరమూ గడపల్లో నిలబడి చూశాం. ఆమె చివరిదాకా వచ్చేసరికి బండి కదిలిపోయింది. ఆపా చెప్పులు పట్టుకుని అక్కడే నిలబడింది. మా అమ్మ పరుగెత్తుకుంటూ వెళ్లి తన కొంగు ఆమె తలమీద కప్పి ఇంట్లోకి తీసుకుపోయింది.

ఆ తరవాత నేను ఆ ఇంటికి పోలేదు. ఆపా బురఖా కనిపిస్తే మా పెరట్లోకి పోయి దాక్కునేదాన్ని. నాయిన నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఆపా రోజూ పొద్దున్నే బయల్దేరేది, తమ్ముడు ఏ జైల్లో ఉన్నాడో తెలుసుకోవడానికి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగేది. ఇట్లా నెల పైన గడిచింది. ఒక సాయంత్రం ఆమే మా ఇంటికి వచ్చింది. పిల్లకు జ్వరం గిట్ల వచ్చిందా అని అమ్మను అడిగింది. అమ్మ తలుపు వైపు చూసింది. నేను ఆ తలుపు వెనకే ఉన్నాను. ఆపా లోపలికి రాలేదు. తలుపుకు అవతల నిలబడే మాట్లాడింది.

"నువ్వు చూసింది చెప్పినవ్. నేను నేర్పిందే చెప్పినవ్. రేపు రా, నెల దినాల లెక్క పోయింది."

అంతే. ఆ సంగతి మా మధ్య మళ్లీ ఎన్నడూ రాలేదు. నేను తప్పయింది అనాలని ఏడేళ్లు అనుకున్నాను. ఏదో ఒకరోజు అంటాననుకుని ఆ రోజును ముందుకు నెట్టుకుంటూ వచ్చాను.

మర్నాడు వెళ్లాను. కుండీలకు నెలన్నరగా ఎవరూ నీళ్లు పోయలేదు. ఆపాకు వాటి ధ్యాసే లేదు. మొదటి కుండీ గోడవారగా ఉంది, మన్ను బీటలు వారింది. మూడోది వరండా అంచున ఉంది, పెంకుల మీది వాననీళ్లు కారి అది మాత్రం తడిసింది. మొదటి కుండీలోది, అంటే తల్లి మొక్క, చచ్చిపోయి ఉంటుందనుకున్నాను. పచ్చగా ఉంది. కొన్ని ఆకులు ఎండాయి, కానీ మొదలు పచ్చగా ఉంది. ఆపా దాని మన్నులో వేలు గుచ్చబోయింది, దిగలేదు. గోరుతో గీకి చూస్తే దుమ్ము లేచింది. మూడో కుండీలో వేలు పెట్టి వాసన చూసింది. మళ్లీ మొదటి కుండీ దగ్గరికి వచ్చి నేలమీద కూలబడినట్టు కూర్చుంది.

తల్లి మొక్క పిల్లలకు పంపుతుందని ఆమె మాకు చెప్పింది, నల్లబల్ల మీద గీసిన బొమ్మలో బాణాలన్నీ అటే ఉండేవి. ఇప్పుడు చిట్టచివరి పిల్ల తాగిన నీళ్లు రెండు కుండీలు దాటి తల్లి దగ్గరికి వచ్చాయి. ఆపా కుండీల మధ్య కాడను వేలితో చివరిదాకా తడిమి చూసింది. తరవాత నన్ను రాయమంది. నేను తేదీ రాసి, ఆకులు లెక్కపెట్టి రాస్తుంటే, పక్కన ఆమె మోకాళ్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. తమ్ముణ్ని తీసుకుపోయిన రోజున ఆమె ఏడవలేదు. నేను లెక్క ఆపితే, ఆపొద్దని చేత్తో సైగ చేసింది.

ఆ తరవాత అదే పనిగా ఆ పరీక్షను మళ్లీ చేసింది. ఈసారి కావాలనే చివరి కుండీకే నీళ్లు పోసి మొదటిదాన్ని ఎండగట్టింది. ఒకసారి తల్లి బతికింది. ఒకసారి చచ్చిపోయింది. మూడోసారి సగం బతికింది. మూడూ రాయించింది. అన్నిసార్లూ బతకదని ఒప్పుకోవడానికి ఆమెకు ఇబ్బంది ఏమీ కనిపించలేదు, నాకే కోపం వచ్చింది.

అప్పటికి బడులు మారుతున్నాయి. ఉర్దూ పోయి తెలుగులో చెప్పాలన్నారు. ఆపాకు తెలుగు నాలుక మీద ఉంది, రాత రాదు. నేర్చుకోకపోతే ఉద్యోగం ఉండదు. నేర్పడానికి మా సందులో పంతుళ్లు ఇద్దరు ఉన్నారు. ఆమె వాళ్లను అడగలేదు, పలకా బలపం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాకు అమ్మ ఇంట్లోనే తెలుగు నేర్పింది. మా వరండాలో కూర్చుని నా టీచరు నా ముందు అ ఆలు దిద్దింది. కాపీ పుస్తకం ఇస్తే వెనక అట్ట వైపు నుంచి మొదలుపెట్టింది, ఉర్దూ పుస్తకాల అలవాటు. తప్పని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ పుస్తకం అట్లాగే చివరినుంచి మొదటికి నిండింది. అక్షరాలన్నీ అన్నం తిన్న పిల్లల పొట్టల్లా ఉన్నాయని అనేది. వత్తులు పెట్టడం మరిచిపోయి, తరవాత వరసంతా తిరిగి చూసుకుంటూ కింద ఒక్కొక్కటీ చేర్చేది.

కొత్త పాఠ్యపుస్తకంలో నేలమీద పాకే కాడకు పెద్ద సంస్కృత మాట ఒకటి ఉంది. అది పలకలేక రెండు రోజులు అవస్థపడి, చివరికి పాకుడు కాడ అని తన పేరు పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఆపా ధైర్యంగా లేచి, "గీ పాకుడు కాడను జూడుండ్రి, గిది నడుముల ఆగి ఏడికాడికి ఏరు పెడ్తది" అని పాఠం ఎత్తుకుంది. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. ఇది పుస్తకాల తెలుగు కాదని ఇన్‌స్పెక్టర్ రాసిపోయాడు. ఆ మాట ఆమె నవ్వుతూ మా అమ్మకు చెప్పింది. తమ్ముణ్ని తీసుకుపోయాక ఆమె నవ్వగా చూసింది అప్పుడే.

ఏడాదిన్నరకు భాయిని వదిలేశారు. ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాడు. బయటికి రాలేదు. అమ్మ పెరుగు ఇచ్చి పంపితే వెళ్లాను, వెళ్లక తప్పలేదు. బాగా చిక్కిపోయాడు. మంచం మీద కూర్చుని, "చదువుతున్నవా చెల్లె?" అని అడిగాడు. తల ఊపి వచ్చేశాను. పోలీసులకు చెప్పింది నేనని అతనికి తెలుసో లేదో నాకు అర్థం కాలేదు. పదో రోజు తెలిసినవాళ్లతో బొంబాయి రైలెక్కి, అక్కడినుంచి కరాచీ వెళ్లిపోయాడు. అక్కను కూడా రమ్మని చాలా బతిమాలాడట. ఎందుకు పోలేదని మా అమ్మ అడిగితే, "వాడు పొయ్యేటోడు, నేను ఉండేదాన్ని. గంతే వదినా" అన్నది ఆపా. మొదటి రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి. తరవాత ఆగిపోయాయి. ఆమె మాత్రం పండగకు పండగకు రాసేది.

నన్ను కాలేజీకి పంపడానికి నాయిన ఒప్పుకోలేదు. ఆపా మా ఇంటికి నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు నాయిన సరే చూద్దాం అని పంపేశాడు. నాలుగోసారి ఆమె నా ఆకుల లెక్క నోట్‌బుక్కులన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్లిపోయింది. నాయిన వాటిని ఒక ఆదివారమంతా తిరగేశాడు. నేనివాళ ఉద్యోగం చేస్తున్నది ఆ ఆదివారం వల్ల.

పోయిన ఏడాది దగ్గు పట్టుకుంది. బడి మానేసింది. నేను వెళ్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, గడప దగ్గరే కూర్చోమనేది. పోవడానికి వారం ముందు కూడా అట్లాగే కూర్చున్నాను. తనకు దొరకని సంగతి ఒకటి ఉండిపోయిందని చెప్పింది.

"ఎవలికి దూపైతుందో గా గడ్డికి ఎట్ల తెలుస్తది? అవుతలికి పంపాల్నా, ఇవుతలికి పంపాల్నా, ఎట్ల ఎరుక?"

కాలేజీలో చదివింది చెప్పాను. దప్పిక ఎవరిదో దానికి తెలియనక్కర్లేదు, ఎండకు ఆరిన ఆకులు నీటిని ఎక్కువగా లాగుతాయి, లాగుడు ఎటు ఎక్కువ ఉంటే నీళ్లు అటు పోతాయి, అంతే అన్నాను. ఆపా కొంచెంసేపు పైకప్పు చూసింది.

"గంతేనా" అన్నది. మళ్లీ తనే, "గంతే అయితే మంచిదే. మనసు లేకుండ సుత ఇంత పని అయితదన్నట్టు" అన్నది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. తప్పయింది అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆమెకు దగ్గు తెర వచ్చింది. నీళ్లు అందించాను. తరవాత నిద్రపోయింది. మళ్లీ వస్తాను కదా అనుకుని చెప్పులు వేసుకున్నాను.

ఆమె పోయిన పదకొండో రోజున పోస్టుమాన్ మా ఇంటి ముందు సైకిల్ దిగాడు. చేతిలో ఆపా పేరుమీద వచ్చిన ఉత్తరం ఉంది. ఆ ఇంటికి తాళం ఉంది, ఎవరికియ్యాల్నమ్మా అని అడిగాడు. కరాచీ నుంచి వచ్చింది. నేను తీసుకున్నాను. ఇంకొకరి ఉత్తరం విప్పడం తప్పేమో, విప్పాను. ఉర్దూ అక్షరాలు. మొదటి వరస చదివితే అర్థం కాలేదు. రెండోసారి పెదవులు కదిపి చదివాను. అక్షరాలు ఉర్దూవి, మాటలు తెలుగు. అతనికి కూడా తెలుగు రాత రాదు కదా. ఇక్కడ తెలుగు మాట్లాడేటోళ్లు ఎవ్వరు లేరు ఆపా, పలికి నాలుగేండ్లయింది, మరిచిపోత అని భయమైతుంది, అందుకే గిట్ల రాస్తున్న అని రాశాడు. ఇన్నాళ్లు రాయనందుకు కోపం చేసుకోవద్దన్నాడు. ఒక బట్టల మిల్లులో పని దొరికిందన్నాడు. కాగితాలు దొరికితే వచ్చే చలికాలం ఒకసారి వచ్చి చూసిపోతానని, నువ్వు చేసే చింతచిగురు పప్పు తినాలని ఉందని రాశాడు. ఆపా తన ఉత్తరాల్లో రాయలేదేమో, అక్కకు దగ్గు వచ్చిందనే అతనికి తెలియదు.

అమ్మ వినాలని అడిగితే పైకి చదివాను. సగంలో నాయిన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

జవాబు నేనే రాశాను. అతను రాసినట్టే, ఉర్దూ అక్షరాల్లో తెలుగు మాటలు. ఆపా ఏ రోజు, ఏ పూట పోయిందో రాశాను. ముఖం ఎట్లా ఉందో రాశాను. ఎవరెవరు భుజం పట్టారో రాశాను. తరవాత, ఆ రోజు మీరు ఇంట్లో ఉన్నారని పోలీసులకు చెప్పింది నేనే అని రాశాను. నాకు తెలియక చెప్పానని గానీ, పద్నాలుగేళ్ల పిల్లనని గానీ రాయలేదు. ఆపాకు ఈ మాట చెప్పకుండానే ఆమె పోయిందని రాసి సంతకం పెట్టాను.

ఉత్తరం వేసి రెండు నెలలు దాటింది. పోస్టు వచ్చే వేళకు నేను ఇంట్లో ఉన్న రోజున అమ్మ కుర్చీ తెచ్చి వరండాలో వేస్తుంది. నేను కూర్చుంటాను. పోస్టుమాన్ సందు మొదట్లో సైకిల్ దిగుతాడు. నేను చూస్తున్నానని అతనికి తెలుసు. నన్ను చివరిదాకా ఎదురుచూడనివ్వకుండా, అక్కడినుంచే కుడిచెయ్యి పైకెత్తి, ఖాళీ అరచేయి నా వైపు తిప్పి చూపిస్తాడు.